ఎడమ పురి

ఆ ఏడాది జూన్ నెలంతా నేను నా మొగుణ్ణి చూసి కుళ్లుకున్నాను. ఇంకో ఆడదాని సంగతి కాదు. లీనోకి అంత తెలివీ లేదు, అంత తీరికా లేదు. నేను కుళ్లుకున్నది గడ్డి వంతెన కోసం. మా నాన్న తన తరవాత వంతెన మేస్త్రీ అతనేనని ఊరందరి ముందు చెప్పిన రోజు నుంచి, అతను ఎదురుగా కూర్చుని దుంపలు ఒలుచుకుంటున్నా నాకు ఒళ్లు మండేది, గురక పెడుతున్నా మండేది.

మా ఊరు అపురిమాక్ నదికి ఎగువన, కొండ మీద ఉంటుంది. కింద లోయలో రెండు బండల మధ్య వేలాడే గడ్డి వంతెనను ఏటా జూన్‌లో కోసి నీళ్లలో పడేసి, నాలుగు రోజుల్లో ఇంకోటి అల్లుతాం. మా తాత అల్లాడు, ఆయన తాత అల్లాడు, అంతకు ముందు రాజుల కాలంలో ఎవరెవరు అల్లారో ఆ నదికే తెలియాలి. కాస్త ఎగువన ఇనుప వంతెన కూడా ఉంది. వయసులో నాకంటే పెద్దది. లారీలు, బస్సులు దాని మీదే పోతాయి. అది అక్కడుండగా ఇదెందుకని మా ఊళ్లో ఎవరూ అడగరు. మా నాన్న దామియాన్ ముప్పై నాలుగు వంతెనలు అల్లాడు. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నాడు. దుంపలు గడ్డకట్టిన ఏటి వంతెన, మీ అమ్మ పోయిన వంతెన, నీ పెళ్లి వంతెన, ఇలా. అవన్నీ నీళ్లలో కొట్టుకుపోయినా ఆయన నోట్లో మాత్రం వరసగా నిలబడే ఉండేవి.

ఆ మే నెలలో ఆయన మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. బండ మీద కూర్చోగలడు గానీ, వంతెన అల్లడానికి మోకు మీద కూర్చోలేడు. బడి ఆవరణలో ఊరంతా కూడినప్పుడు పెద్దలు అడిగారు, మరి ఈసారి మన ఒడ్డు మేస్త్రీ ఎవరని.

"మా లీనో" అన్నాడు నాన్న.

ఎవరో కిసుక్కుమన్నారు. "ఆ ఇల్లరికపోడా? వాడు గాడిదను కట్టేస్తే అది వాడికంటే ముందే ఇంటికొచ్చేస్తుంది!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. లీనో కొండ అవతల గొర్రెలు కాసుకునేవాళ్ల పిల్లాడు. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి పెళ్లయ్యాక మా ఇంటికే వచ్చి ఉన్నాడు. టోపీ చేత్తో నలుపుకుంటూ లేచి నిలబడి, "నేర్చుకుంటాను మామయ్యా" అన్నాడు. అంతే, నిర్ణయమైపోయింది.

నా వైపు ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? వంతెన పని జరిగేటప్పుడు ఆడవాళ్లు నీళ్ల దరిదాపులకు వెళ్లకూడదు. నీళ్లకు ఆడవాళ్లంటే గిట్టదని కొందరు చెబుతారు, నీళ్లు ఆడవాళ్లను చూసి ఓర్వలేవని కొందరు చెబుతారు. నన్నడిగితే రెండోదే నిజం. ఓర్వలేకపోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు నా తాడు సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా ఏడుపు మీకు అర్థం కాదు.

వంతెన గడ్డి తాళ్లన్నీ ఆడవాళ్లమే పేనుతాం. కోయా అనే కొండగడ్డిని కోసి, నానబెట్టి, రాతి మీద దంచి, రెండు అరచేతుల మధ్య తోస్తూ పోతే సన్నటి తాడు పుడుతుంది. ఇంటికి నలభై బారలు ఇవ్వాలి. వాటన్నిటినీ కలిపి మగవాళ్లు తొడ లావు మోకులు పేనుతారు. నాది పుర్రచెయ్యి. అందరి తాడూ కుడికి మెలి తిరిగితే నాది ఎడమకు తిరుగుతుంది. రెండూ కలిపి పేనితే ఒకదాన్నొకటి విప్పేసుకుంటాయి. తొమ్మిదో ఏట మొదటిసారి నేను పేనిన మూడు బారల్ని చూసి ఊళ్లో అత్తలందరూ ముక్కు విరిచారు. "దీనికి ముందు చెయ్యి మార్పించండే" అని దాన్ని పక్కకు విసిరేశారు. చెయ్యి మార్పించారు కూడా. ఇంటి లెక్క నలభై బారలూ ఇప్పటికీ కుడి పురే పేనుతాను, బుద్ధిగా, మెల్లగా. కానీ ఆ రోజు విసిరేసిన మూడు బారల్ని నాన్న ఏరుకుని చొక్కాలో దోపుకున్నాడు.

ఆ ఏడు నాలుగో రోజు వంతెన పూర్తయ్యి ఆడవాళ్లను ఎక్కనిచ్చినప్పుడు, నడి మధ్యలో నా చెయ్యి ఒక ముడి మీద పడింది. చూడకుండానే తెలిసిపోయింది. "నాన్నా, ఇది నాదే!" అన్నాను. "నోరు ముయ్యి" అన్నాడు నాన్న, చుట్టూ చూస్తూ. "ఎడమ పురి చావు తంతులకు వాడేది. తెలిస్తే జనం వంతెన ఎక్కరు."

ఆ ముడి ఎక్కడిదో చెబుతాను. రెండు ఒడ్ల నుంచి ఇద్దరు మేస్త్రీలు మోకుల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, పక్క కంచె అల్లుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటారు. రెండు అల్లికల్నీ కలిపి కట్టే ఆఖరి ముడి మా ఒడ్డు మేస్త్రీది. మా వైపు నుంచి చుట్టేటప్పుడు చెయ్యి తిరిగే వాటానికి మామూలు తాడు పురి విప్పుకుంటుంది. నా తాడు బిగుసుకుంటుంది. ఇంతే రహస్యం. పూర్వం ఆ ముడి తొలి వానలకే జారిపోయేదట, ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ కట్టేవారట. అప్పటి నుంచి ఏటా మూడు బారలు చాటుగా పేని నాన్నకిస్తూ వచ్చాను, నా తాడు పడ్డాక ఇరవై మూడేళ్లలో ఒక్కసారి జారలేదు. రెండు ఒడ్లలోనూ దానికి 'దామియాన్ ముడి' అని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నేను లోలోపల నవ్వుకునేదాన్ని. నీళ్ల దగ్గరకు రానివ్వని ఆడదాన్ని, నడి వంతెన మీద ఏడాది పొడుగునా కూర్చుని ఉన్నానని నాకూ నాన్నకూ మాత్రమే తెలుసు.

అలాంటిది, ఆ మధ్య చోటు ఇప్పుడు లీనోది.

ఆ రోజుల్లో పొద్దున్నే పొయ్యి పక్కన పాఠం మొదలయ్యేది. నాన్న రెండు గడ్డి మోకుల్ని గోడ మేకులకు బిగించి, మధ్యలో అల్లుడితో అల్లించేవాడు.

"అట్టా కాదు అల్లుడూ. కింద నుంచి తీసుకురా. పై మోకు చుట్టూ తిప్పు. ఇప్పుడు దాని నడుంలోంచి లాగు."

"ఇట్టాగా మామయ్యా?"

"అట్టా లాగితే మేకపిల్ల కూడా జారి నదిలో పడుద్ది."

నేను గంజి కలుపుతూ ఉండబట్టలేక అన్నాను. "చిటికెన వేలు అడ్డం పెట్టుకోమను నాన్నా. మెలి వెనక్కి పోదు."

"నువ్వు పొయ్యి సంగతి చూసుకో" అన్నాడు నాన్న.

పొయ్యి సంగతి చూసుకున్నాను. గంజి మాడింది.

మర్నాడు గొర్రెల దొడ్లో లీనో నా కొంగు పట్టుకున్నంత పని చేశాడు. "నికా, ఆ చిటికెన వేలు సంగతేంటో నాకు చూపించవా? మామయ్య చేతులు చూస్తే నాకు కంగారు. ఏదీ ఎక్కదు."

"నేనెవర్ని చూపించడానికి? పొయ్యి సంగతి చూసుకునేదాన్ని."

"ఆయన అన్నాడు, నేననలేదుగా. చూపించు నికా. ఊరంతా నవ్వేట్టు ఉంది."

నవ్వితే నవ్వనీ అనిపించింది. అయినా చూపించాను. నేర్పడమంటే ఎంత సరదాయో నాకు అప్పటిదాకా తెలియదు. రోజూ మధ్యాహ్నం దొడ్లో రెండు తాళ్లు కట్టి, నేను ఒక వరస, అతను ఒక వరస అల్లేవాళ్లం. వేళ్లు ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎక్కడ బిగపట్టాలో, తాడు ఏ చప్పుడు చేస్తే చాలో, నాన్న వెనక కూర్చుని చిన్నప్పుడు నేను దొంగతనంగా నేర్చుకున్నదంతా చెప్పాను. పది రోజులయ్యేసరికి లీనో చేతికి వచ్చేసింది. చూస్తూ చూస్తూ ఉండగా నాకంటే వేగం కూడా వచ్చింది. నేర్పుతున్నంతసేపూ ఉన్న సంతోషం, అతనికి వచ్చేసిన మరుక్షణం మాయమైపోయింది. నా చేతులు ఎవరో తీసుకెళ్లి అతనికి తగిలించినట్టు అనిపించింది.

"నువ్వే మేస్త్రీ అయ్యుంటే ఎంత బాగుండేది" అన్నాడు ఒకరోజు, నిజంగానే.

"ఎగతాళి చేస్తున్నావా?"

"ఒట్టు నికా. ఎగతాళి కాదు."

ఎగతాళి అయితే రెండు తిట్టి ఊరుకునేదాన్ని. మనసులోంచి అన్నాడు కాబట్టి ఇంకా మండింది.

అదే వారం నాన్న నన్ను పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "మధ్య ముడి సంగతి వాడికి నువ్వే చెప్పు. తాడు నీది. చెప్పాల్సింది నువ్వే." సరేనన్నాను. ఆ సాయంత్రం లీనో తనంతట తానే అడిగాడు, మధ్య ముడి ఎలా కట్టాలని.

"మూడు చుట్లు, రెండు మెలికలు" అన్నాను. "చివర లోపలికి దోపు."

"అంతేనా? దామియాన్ ముడి అంటే ఇంకేదో ఉంటుందనుకున్నా."

"అంతే."

అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు కూడా రేపే అనుకున్నాను. చెప్పలేదు గానీ మూడు బారలూ పేనాను. ఇరవై మూడేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. పేని, చుట్ట చుట్టి, శాలువా లోపల నడుముకు కట్టుకున్నాను.

వంతెన పని మొదటిరోజు రెండు ఒడ్ల జనం తాళ్ల చుట్టలు మోసుకొచ్చారు. పూజారి కోకా ఆకులూ మొక్కజొన్న కల్లూ భూమికి సమర్పించాడు. మగవాళ్లు రోడ్డు మీద తాళ్లు పరిచి మోకులు పేనడం మొదలుపెట్టారు. కుస్కో పట్నం నుంచి కెమెరాలవాళ్లూ, ఒక రేడియో అమ్మాయీ వచ్చారు. నేను ఎగువన, ఆడవాళ్లకు అడ్డులేని చోట వంట దగ్గర ఉన్నాను. లీనోకి, నాన్నకి సూపు పట్టుకెళ్లేసరికి ఆ అమ్మాయి మైకు లీనో ముక్కు కింద పెట్టి అడుగుతోంది.

"ఈ విద్య మీకు ఎవరు నేర్పారండీ?"

లీనో నావైపు చూశాడు. నేను చూడటం కూడా అతను చూశాడు. పక్కనే నాన్న ముక్కాలి పీట మీద కూర్చుని టోపీ సర్దుకుంటున్నాడు.

"మా మామయ్య" అన్నాడు లీనో.

సూపు సగం నా చెప్పుల మీద పోసుకున్నాను. కాలింది కూడా, కానీ కాలి మంట ఎంతసేపు? సాయంత్రం దొడ్డి దగ్గర నన్ను ఆపాడు.

"మామయ్య పక్కన కూర్చుంటే ఇంకేం చెప్పను నికా?"

"నేనేమన్నా అన్నానా?"

"అనలేదు. మూతి చూస్తే తెలుస్తోందిలే."

"మూతి దేవుడిచ్చింది. దానికి నన్నేం చెయ్యమంటావు?"

రెండో రోజు కొత్త మోకుల్ని అవతలి ఒడ్డుకు లాగి, రాతి దిమ్మలకు బిగించి, పాత వంతెనను కోసేశారు. మేమంతా కొండవాలు మీద నుంచి చూశాం. నాన్న ఆఖరి వంతెన అది. ఒక వైపు తెగి, అవతలి బండకు కొట్టుకుని, నీళ్ల మీద పడుకుని, మలుపు తిరిగి వెళ్లిపోయింది. మగవాళ్లు టోపీలు ఎగరేశారు. దానితో పాటు పోయిన ముడి నాదని అనుకుంటూ నేను నడుముకున్న చుట్టను పైనుంచి తడుముకున్నాను. ఇంకా చెప్పడానికి ఒక రాత్రి ఉంది. చెప్పలేదు. "మా మామయ్య" అన్న మాట చెవిలో ఈగలా తిరుగుతోంది.

మూడో రోజు పొద్దున్నే ఇద్దరు మేస్త్రీలూ మోకుల మీద కూర్చున్నారు. అవతలి ఒడ్డు మేస్త్రీ సిప్రియానో మా నాన్న ఈడువాడు, గొంతు లోయంతా మోగుతుంది.

"ఒరే దామియానూ! మీ అల్లుడు సగం దాటేలోపు నేను మీ ఒడ్డుకొచ్చి మీ కుంపట్లో దుంపలు తినేసి పోతా చూడు!"

"దుంపలు ఉన్నాయిలే, పళ్లున్నాయా నీకు?" అని నాన్న బండ మీద నుంచి అరిచాడు.

వాలు మీద ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నా పక్కన కూర్చున్నది వాలేరియా, మా పొరుగింటిది. నోట్లో మాట ఆగని మనిషి.

"మీ ఆయన బాగానే అల్లుతున్నాడే నికాసియా! ఆ చెయ్యి చూడు, మీ నాన్న చెయ్యిలాగే తిరుగుతోంది."

"ఊఁ."

"ఏంటే, సంతోషంగా లేదా నీకు?"

"ఎండ కళ్లల్లో పడుతోంది."

అది మా నాన్న చెయ్యి కాదు, నాది. అంత ఎత్తు నుంచి కూడా నాకు చిటికెన వేలు తెలుస్తోంది. ప్రతి వరసలో ఊపిరి బిగపట్టే చోటు తెలుస్తోంది. అక్కడ గాలిలో, నీళ్ల మీద, అందరి కళ్ల ముందూ కూర్చుని అల్లుతున్నది నేనే. ఈలలు పడుతున్నది మాత్రం లీనోకి. మధ్యాహ్నం దాటేసరికి అతను నడి మధ్యకు చేరాడు, సిప్రియానో కంటే ముందు. మా ఒడ్డు మగవాళ్లు కేకలు పెట్టారు. నేను గడ్డి పరకలు పీకి నములుతూ కూర్చున్నాను.

సిప్రియానో కూడా వచ్చి చేరాక లీనో మధ్య ముడి కట్టాడు. మూడు చుట్లు, రెండు మెలికలు. చెయ్యి వదిలాడు. ముడి నిద్రలేచినట్టు మెల్లగా విప్పుకుంది. మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పుకుంది. అప్పటికి సాయంత్రపు గాలి మొదలై మోకులు ఊగుతున్నాయి. మూడోసారి కట్టాడు. మూడోసారీ జారింది.

"ఏం దామియానూ!" అన్నాడు సిప్రియానో. ఈసారి నవ్వడం లేదు. "నీ ముడి నీతోనే పోయిందా? పొద్దు గూకేలోపు కట్టకపోతే చెప్పు. ఇకనుంచి ఆ ముడి మా ఒడ్డు కట్టుకుంటుంది. మా తాతలు మీకిచ్చిన ముడి, మేం తీసుకోలేమా?"

మా ఒడ్డు మీద గోల లేచింది. నాన్న కర్ర మీద బరువేసి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, తలెత్తి వాలు వైపు చూశాడు. అంత దూరం నుంచి కళ్లు కనబడవు. అయినా నేను శాలువా గట్టిగా దగ్గరకు లాక్కున్నాను.

చెప్పకపోతే అబద్ధమవుతుంది. అప్పుడు నాకు సంతోషం వేసింది. నేను లేకుండా అది నిలవదని నది మీద అందరికీ చూపించినట్టు ఉంది. ఇంకో గంట ఇలాగే కూర్చుంటే చాలు. ముడి అవతలి ఒడ్డుకు పోతుంది, నాన్న ముప్పై నాలుగు వంతెనల పేరు పోతుంది, లీనో తలెత్తుకోలేడు. అదంతా తెలిసే కూర్చున్నాను. 

లీనో అల్లిక వదిలేసి లేచాడు. మోకుల మీదుగా మా ఒడ్డుకు నడిచాడు. నాన్న ఏదో అంటున్నా ఆగకుండా దాటేసి కొండెక్కడం మొదలుపెట్టాడు.

"పారిపోతున్నాడ్రోయ్ ఇల్లరికపోడు!" అని ఎవరో అరిచారు.

నేనూ అదే అనుకున్నాను. కానీ అతను దారి మీదికి వెళ్లకుండా సూటిగా వాలెక్కి ఆడవాళ్ల మధ్యలోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. అరచేతులు చీరుకుపోయి గడ్డికి నెత్తురంటింది.

"నికా, ముడి జారిపోతోంది" అన్నాడు. గొంతు తగ్గించలేదు. "నువ్వు నేర్పినట్టే కట్టాను. అన్నీ నువ్వు నేర్పినట్టే చేశాను. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు."

వాలేరియా నోరు తెరుచుకుని ఉండిపోయింది. చుట్టూ ఊళ్లో ఆడవాళ్లందరూ ఉన్నారు. నువ్వు నేర్పినట్టే అని రెండుసార్లు అన్నాడు.

"నువ్వేం తప్పు చెయ్యలేదు" అన్నాను. శాలువా లోపల నుంచి చుట్ట తీశాను. "ఇది ఎడమ పురి. దీంతో కట్టు. అవే మూడు చుట్లు."

అందుకున్నాడు. నా నడుము వేడి ఇంకా దాని మీదే ఉంది. చుట్టను చూసి, నన్ను చూశాడు.

"ఇంతసేపూ నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది కూడా.

"సరే" అన్నాడు, కిందికి పరిగెత్తాడు.

ఆ 'సరే' చూసి కూడా కుళ్లుకున్నాను. అతని చోట నేనుంటే ఊరి ముందు కొండెక్కి వచ్చేదాన్ని కాదు. వచ్చినా ఆ ఒక్క మాటతో వదిలేదాన్ని అసలే కాదు. ఆ గుణం నాకెందుకు లేదో, గొర్రెలు కాసేవాడికి ఎక్కడ దొరికిందో.

ముడి పడింది. చెయ్యి వదిలితే ఇంకా బిగుసుకుంది. సిప్రియానో రెండు చేతులా పట్టుకుని లాగాడు, తన బరువంతా వేసి వేలాడాడు. కదల్లేదు.

"ఇదేం తాడయ్యా ఇది?"

"మా నికాది!" అని లీనో నిలబడి అరిచాడు, లోయ లోయంతా వినబడేలా. "ఎడమ పురి! మా ఆవిడ పుర్రచేతి తాడు!"

 ఇరవై మూడేళ్లుగా నాన్న చెప్పిన మాట జరగబోతోందని, చావు తంతు తాడని అందరూ వంతెన మీంచి దూకేస్తారని చూశాను. సిప్రియానో ముడిని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఎడమైతేనేం, కుడైతేనేం, బిగిసింది కదా" అన్నాడు. "మరి పొద్దున్నే తెచ్చుకోవచ్చు కదరా, నా నడుం విరిగిపోయింది!"

రెండు ఒడ్లూ నవ్వాయి. అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. నేను నాన్న వైపు చూశాను. ఆయన బండ మీద కూర్చుని టోపీ సర్దుకుంటున్నాడు.

నాలుగో రోజు ఆడవాళ్లను ఎక్కనిచ్చారు. నాన్న నా భుజం పట్టుకుని మెల్లగా నడిచాడు. మధ్యకు వచ్చాక ఆగి, ముడి మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు వాడికి చెప్పలేదు" అన్నాడు.

"చెప్పలేదు."

"ఊఁ."

కింద నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. నేను కూడా ముడి మీద చెయ్యి పెట్టాను.

"ఎవరూ భయపడలేదు నాన్నా. చావు తంతు అన్నావు. ఒక్కరు కూడా భయపడలేదు."

"చూశాను."

"నీకు ముందే తెలుసు కదా?"

ఆయన ముడిని బొటనవేలితో రుద్దాడు. "దామియాన్ ముడి అనేవాళ్లు" అన్నాడు. "అననిచ్చాను."

"ఎందుకు?"

"ఎందుకేంటే? నువ్వెందుకు చెప్పలేదో, అందుకే."

మా వెనక కెమెరా మెళ్లో వేసుకున్న ఒక పరదేశి దారి ఇమ్మని సైగ చేశాడు. జరిగాం. అవతలి ఒడ్డు చేరేదాకా నాన్న నా భుజం వదల్లేదు, నేనూ ఆయన చెయ్యి తీసెయ్యలేదు.

మధ్యాహ్నం విందులో కాల్చిన చేపలు, దుంపలు, కల్లు. రేడియో అమ్మాయి మళ్లీ లీనోని పట్టుకుంటే, చేతికి గుడ్డలు చుట్టుకున్న లీనో ఆమెను నా మీదికి తోలాడు. ఏం చెప్పాలో తెలియక నేను పొయ్యి సంగతి చూసుకోవాలని చెప్పి తప్పించుకున్నాను. లీనో పగలబడి నవ్వాడు. తరవాత పాటకు తగ్గని అడుగులేస్తూ అందరిలో పడి గంతులేశాడు. నాట్యం ఒక్కటే నేను నేర్పలేదు.

అప్పుడొచ్చింది వాలేరియా, కల్లు ముంతతో.

"ఒసే నికాసియా, నీ ఎడమ పురి నాకూ నేర్పవే. ఏ ఏడాదైనా నీకు జ్వరమొస్తే ముడి గతేం కాను?"

"అది నేర్చుకుంటే వచ్చేది కాదులే" అన్నాను.

"సరేలే తల్లీ" అని మూతి తిప్పుకుని వెళ్లిపోబోయింది.

ఆ మాట అన్నది నా నోరే. కానీ అచ్చం మా నాన్న గొంతులా వినబడింది. పీట మీద నుంచి ఆయన కూడా విన్నట్టున్నాడు, తల తిప్పి నా వైపు చూసి, మళ్లీ టోపీ మీద చెయ్యి వేశాడు.

"ఏయ్, ఇలా రా" అన్నాను. "గడ్డి ఉందా నీ దగ్గర?"

పనిలో మిగిలిన గడ్డి కట్ట ఒకటి లాక్కొచ్చింది. ఇద్దరం చాప మీద కూర్చున్నాం. ఎడమ అరచెయ్యి పైన పెట్టమన్నాను, బయటికి కాదు లోపలికి తొయ్యమన్నాను. మొదట రెండుసార్లు చిక్కు పడింది. తరవాత వాలేరియా నాలుక బయటపెట్టి, మాట మానేసి, ఒళ్లు దగ్గర పెట్టుకుని పేనింది. రెండు బారలు అయ్యేసరికి దాని తాడు నా తాడుకంటే నున్నగా వచ్చింది.

నాకు కడుపులో మళ్లీ మంట మొదలైంది.

"చిటికెన వేలు అడ్డం పెట్టుకోవే" అన్నాను. "ఇంకా బిగుస్తుంది."